నాలుగు నల్ల మూతలు

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కార్డు అనగానే రేషన్ కార్డో పెళ్లి కార్డో అనుకునేరు. వాటికున్న పరపతి నాకు లేదు. జానెడున్నర పొడవు, కిలో బరువు, గాలి కోసం మూడు ఫ్యాన్లు, ఇదీ నా ఆకారం. కంప్యూటరు పొట్టలో కూర్చుని బొమ్మలు గీయడం నా వృత్తి. తెర మీద వాన పడాలన్నా, కొబ్బరాకు ఊగాలన్నా, విమానం రెక్క మీద ఎండ మెరవాలన్నా ప్రతి చుక్కనూ నేనే లెక్కగట్టి, సెకనుకు అరవై బొమ్మల చొప్పున గీసి అందించాలి. నేను ఆలస్యం చేస్తే తెర మీద విమానం ఎక్కిళ్లు పెడుతుంది.

మాది ఇసుక వంశం. మా తాతముత్తాతలెవరూ బడిలో కూర్చోలేదు. బడి గోడల్లో మాత్రం ఉన్నారు. మావాళ్లలో నూటికి తొంభై మంది లారీలెక్కి పునాదుల్లోకి వెళ్లిపోయినవాళ్లే. నన్ను మాత్రం ఎవరో ఏరి, కొలిమిలో కరిగించి, పలకలా కోసి, ఆ పలక మీద కంటికి ఆనని సన్న గీతలు గీశారు. ఆ తర్వాత పరీక్షలు. వేడిలో పెట్టారు, చలిలో పెట్టారు, ఒకే బొమ్మ లక్షసార్లు గీయించారు. నాతో పుట్టినవాళ్లలో చాలామంది తప్పారు. నేను గట్టెక్కాను. మా ఇసుకలో తొలి పట్టభద్రురాలిని నేనే. ఇక ఎక్కడ ఉద్యోగం దొరికినా ఒళ్లు దాచుకోకుండా పనిచేయాలి, వంశానికి పేరు తేవాలి అని ఆనాడే నిశ్చయించుకున్నాను.

ఫ్యాక్టరీ గడప దాటే ముందు తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి నా వెనకవైపున్న నాలుగు కన్నాలకు నాలుగు నల్ల రబ్బరు మూతలు బిగించింది. దారిలో దుమ్ము పడకుండా అన్నమాట. ఇల్లు చేరాక వాటిలో ఒక మూత తీసి, తెర నుంచి వచ్చే తీగ అందులో గుచ్చాలి. అప్పుడే నేను గీసిన బొమ్మ లోకానికి కనబడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నన్ను కొన్నవాళ్లు గుర్తుపెట్టుకోలేదు.

కాకినాడలో ఒక కంప్యూటర్ల దుకాణంలో అద్దాల బీరువాలో ఏడు నెలలు కూర్చున్నాను. కుర్రాళ్లు వచ్చి ఆటల గురించి అడిగేవారు. వాళ్ల వెనక తండ్రులు వస్తే దుకాణదారు గొంతు మార్చి, "చదువుకి చాలా మంచిదండి" అనేవాడు. చదువు అన్న మాట చెవిన పడితే తెలుగు తండ్రి ఇక రెండో ప్రశ్న అడగడని అక్కడే తెలుసుకున్నాను.

నన్ను కొన్నది మట్టపర్తి నూకరాజు. రామచంద్రపురంలో నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. యాభై రెండేళ్ల మనిషి. రోజూ పొద్దున ట్యాంకు మెట్లెక్కి, ఊరికి నీళ్లొదిలే పెద్ద వాల్వు తిప్పడం ఆయన పని. దాన్ని తొందరపడి తిప్పితే నీళ్లు ఒక్కసారిగా గుద్దుకుని ఊరి చివర పైపు పగులుతుంది. ఇరవై ఆరేళ్లలో ఆయన చేతి మీద ఒక్క పైపూ పగల్లేదు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. పగలని పైపు గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

ట్యాంకు మీంచి చూస్తే కొబ్బరి తలలు, వాటి మీదుగా రాజమండ్రి వైపు దిగే విమానాలు. అవి చూసి చూసి ఆయనకు విమానం నడపాలన్న కోరిక పుట్టింది. నిజం విమానం ఆయన ఇంతవరకూ ఎక్కలేదు. ఇంట్లో కంప్యూటరు మీద నడిపేవాడు. దాన్ని సిమ్యులేటర్ అంటారు. తెర మీద ఆకాశం, చేతిలో ఒక పిడి. ఇలాంటివాళ్లు గోదావరి జిల్లాల్లో పదకొండు మంది కలిసి 'గోదావరి గగనవిహార సంఘం' పెట్టుకున్నారు. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆదివారం పొద్దున విమానాలు నడుపుతారు. ఒకరి తెర మిగతా అందరికీ కనబడే ఏర్పాటు ఉంది. ఆ పదకొండు మందిలో నిజం విమానం ఎక్కినవాడు ఒక్కడే. ఆయనకూ కిటికీ సీటు దొరకలేదు.

సంఘానికి పెద్ద భీమవరం ఐసు ఫ్యాక్టరీ దాట్ల నరసింహరాజు గారు. ఆయన రాసిన నిబంధనలు పద్నాలుగు పేజీలు. కో-పైలట్‌కు భుజాన మూడు పట్టీలు, కెప్టెన్‌కు నాలుగు. కెప్టెన్ కావాలంటే అందరూ చూస్తుండగా హైదరాబాదు నుంచి వచ్చి, వానలో, రాజమండ్రిలో దిగాలి. నేలను తాకేటప్పుడు నిమిషానికి మూడువందల అడుగుల వేగం మించకూడదు. మూడే అవకాశాలు. మూడోదీ పోతే జన్మంతా కో-పైలటే.

నూకరాజుకు రెండు పోయాయి. మొదటిసారి గోదావరిలో దిగాడు. రెండోసారి జీడితోటలో. ఆరేళ్లుగా ఆదివారం పూట తెల్లచొక్కా భుజాల మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు మూడేసి అతికించుకుని కూర్చునేవాడు. నాలుగో ముక్క కత్తిరించే యోగం పట్టలేదు. ఆయన తర్వాత చేరిన అమలాపురం ఫ్యాన్సీ షాపు కొప్పిశెట్టి గణేషు మాత్రం రెండేళ్లకే కెప్టెనై కూర్చున్నాడు.

"నేల దగ్గరికి రాగానే బొమ్మ ఆగిపోతందండి. అర సెకను కదలదు. నాదేం లేదండి, మిషను పాతదైపోయింది" అని నూకరాజు మొరపెట్టుకున్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటోడే!" అన్నారు రాజుగారు. "సర్లే, మద్దెల మార్చుకునిరా. మూడు నెలలు గడువిత్తాను. మూడోసారి మాత్రం ఏ వంకా విననయ్యా."

ఆ మద్దెలను నేను.

భార్య వీరవేణికి నన్ను "పిల్ల చదువుకి" అని పరిచయం చేశాడు. పిల్ల అంటే భానుశ్రీ, పాలిటెక్నిక్‌లో సివిలు ఆఖరి ఏడాది. తనకు ఇళ్ల నమూనాలు గీసే పని నిజంగానే ఉంది. కానీ నాన్న ముఖం చూసి, ఏమీ అడగకుండా తలూపింది. అబద్ధానికి ఇంత మర్యాదగా సాక్ష్యం చెప్పే పిల్లలు చాలా ఇళ్లలో ఉంటారట.

ఆ ఇంటి ఆచారం ఒకటి మీకు చెప్పాలి. కొత్త వస్తువును కొత్తగానే ఉంచాలి. సోఫా మీద ప్లాస్టిక్ కవరు వచ్చిన రోజు నుంచి అలాగే ఉంది. ఎండాకాలం దాని మీద కూర్చున్న చుట్టాలు లేచేటప్పుడు టర్రుమని చప్పుడొచ్చేది. రిమోటుకు కవరు, ఆ కవరుకు రబ్బరు బ్యాండు. ఫ్రిజ్ తలుపు మీద 'కొత్త మోడల్' అన్న స్టిక్కరు తొమ్మిదేళ్లుగా ఉంది. మంచి కప్పులు షోకేసులో, విరిగిన చెవుల కప్పులు వాడకంలో. వీరవేణి మనసులో వాడటం అంటే పాడుచేయడమే.

దశమి గురువారం పది నలభైకి ముహూర్తం. దుకాణం మెకానిక్కు ఆ వేళకు రానన్నాడు. నూకరాజు ఫోనులో ఒక వీడియో చూస్తూ తానే పనికి దిగాడు. కంప్యూటరు డబ్బా మూత విప్పగానే ఏడేళ్ల దుమ్ము, ఒక బల్లి గుడ్డు, ఒక చీమల కాలనీ బయటపడ్డాయి. అన్నిటినీ ఊడ్చి, నన్ను సరైన గాడిలోనే కూర్చోబెట్టాడు. కరెంటు తీగా సరిగ్గానే ఇచ్చాడు. వీరవేణి పసుపు రాసి, మూడు ఫ్యాన్లకూ మూడు కుంకుమ బొట్లు పెట్టింది. ఇక మిగిలింది తెర తీగ.

"ఈ నల్ల మూతలు తీయాలనుకుంటా" అన్నాడు నూకరాజు.

"ఎందుకండీ తీయడం? కంపినీవోళ్లు ఊరికే పెడతారేంటి? తీసేత్తే దుమ్మడిపోద్ది. రేపు ఏదన్నా అయితే వెనక్కి తీసుకోరు కూడాను."

"మరి తీగ ఎక్కడ పెట్టాలి?"

"ఇన్నాళ్లూ ఎక్కడుంది? అక్కడే పెట్టండి. కన్నం ఖాళీగానే ఉంది గదా!"

అంతే. తీగ పాత డబ్బాకున్న పాత కన్నంలోకే వెళ్లింది. నాకు ఈ ఇంటి కంప్యూటరు భాష నేర్పే సాఫ్ట్‌వేరు కూడా ఎవరూ ఎక్కించలేదు. స్విచ్చి వేయగానే నా ఒంటి మీది రంగు దీపాలు మాత్రం వెలిగాయి. ఫ్యాన్లు తిరిగి మూడు బొట్ల కుంకుమ డబ్బా నిండా చిమ్మింది. "శుభం!" అంది వీరవేణి. నేను ఉద్యోగంలో చేరాను. నాకు పనే లేదు.

తెర మీద బొమ్మ గీస్తున్నది ఎప్పటిలా డబ్బాలో ముందునుంచీ ఉన్న పాత యంత్రమే. దుమ్ము వదిలిన సుఖంతో అది కొంచెం చురుకైంది. అంతకుమించి ఏమీ మారలేదు. నేల దగ్గరకు వచ్చేసరికి బొమ్మ మునుపటిలాగే అర సెకను బిగుసుకుపోతోంది. పక్కనే కూర్చుని చూస్తున్నాను కనుక నాకు తెలుసు.

మారింది నూకరాజు చెయ్యి. పూర్వం బొమ్మ ఆగగానే కంగారుపడి పిడిని వెనక్కి లాగేవాడట. బొమ్మ తిరిగి కదిలేసరికి విమానం ముక్కు ఆకాశంలో ఉండేది. ఇప్పుడు బొమ్మ ఆగితే, "కొత్త కార్డుంది గదా, అదే చూసుకుంటాది" అనుకుంటూ చెయ్యి కదపకుండా ఉంటున్నాడు. అర సెకను గడుస్తుంది. బొమ్మ కదులుతుంది. విమానం ఉండాల్సినచోటే ఉంటుంది. మెల్లగా దిగుతుంది.

"చూశావా వేణీ, వెన్నలా దిగింది! కార్డంటే ఇదీ!" అని రోజూ కేక. నా దీపాల వైపు ప్రేమగా ఒక చూపు. ఒళ్లు దాచుకోకూడదని వచ్చినదాన్ని, మూతలు బిగించుకుని మూలన కూర్చుని మెప్పులు తింటున్నాను. పరీక్షలన్నీ గట్టెక్కింది ఇందుకా? నాకు నోరుంటే మొదటిరోజే చెప్పేదాన్ని. ఉన్న నాలుగు నోళ్లకూ మూతలే.

మూడో పరీక్ష రోజు రానే వచ్చింది. ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. తెర మీద వాన.

"బావా, ఈత వచ్చా?" అన్నాడు గణేషు హెడ్‌ఫోనులో. "ఈసారీ గోదాట్లోనా, మళ్లీ జీడిపిక్కలేరతావా?"

నూకరాజు విమానాన్ని కిందికి దింపసాగాడు. యాభై అడుగుల ఎత్తులో బొమ్మ బిగుసుకుంది. ఆయన చెయ్యి కదల్లేదు. విమానం నూట నలభై అడుగుల వేగంతో నేలను తాకింది. ఆ సంఘంలో అంత మెత్తగా ఇంతవరకూ ఎవరూ దింపలేదు.

"నూకరాజు గారూ!" అన్నారు రాజుగారు. పేరు చివర 'గారు' పడటం ఆరేళ్లలో అదే మొదలు. "ఏం చేసేవయ్యా! నాలుగో పట్టీ నీదే."

"నాదేం లేదండి" అన్నాడు నూకరాజు, కళ్లు తుడుచుకుంటూ. "అంతా కార్డు మహిమండి."

వారం తిరిగేలోగా సంఘంలో ఐదుగురు నాలాంటి కార్డులే కొన్నారు. ఐదుగురి ఇళ్లలోనూ అవి పిల్లల చదువు కోసమే వచ్చాయి. గణేషు అందరికంటే ముందు కొన్నాడు. వాళ్ల మెకానిక్కు మూతలు తీసి, తీగ సరిగ్గా పెట్టి వెళ్లాడు.

మరుసటి వారం గణేషు ఫోను చేశాడు. "బావా, నీ విమానం అద్దం మీద వాన చుక్కలు జారతన్నాయా? నా దాంట్లో చుక్క చుక్కా జారతంది. రన్‌వే తడి మీద దీపాలు కూడా మెరుత్తున్నాయి."

"చుక్కలు జారడమేంటి? గీతలు పడతన్నాయి. అంతే."

"అదేంటి బావా? నాది, నీది ఒకటే కార్డు గదా?"

నూకరాజుకు అనుమానం వచ్చి భానుశ్రీని పిలిచాడు. ఆమె నేల మీద పడుకుని, ఫోను దీపం వేసి డబ్బా వెనక్కి చూసింది. చాలాసేపు లేవలేదు.

"నాన్నా... మూతలు తీయలేదేంటి?"

"తీసేత్తే దుమ్మడిపోద్దని మీ అమ్మ..."

"తీగ పాత కన్నంలోనే ఉంది నాన్నా. సాఫ్ట్‌వేరు కూడా ఎక్కించలేదు. ఇది పనిచేయట్లేదు. ఒక్కరోజు కూడా చేయలేదు."

నా మీది అభాండం ఒకటి అలా తొలగింది. ఇక నూకరాజు అవస్థ చూడాలి. ప్లాస్టిక్ సోఫా మీద కూలబడ్డాడు. టర్రుమంది. ఎవరూ నవ్వలేదు.

"అయితే మరి ఆ రోజు ఎలా దిగింది?" అన్నాడు.

"ఎలాగో దిగింది గదండీ!" అంది వీరవేణి. "ఎవరికీ చెప్పకండి. మూతలు తీసేసి తీగ మార్చేత్తే ఎవడికి తెలుత్తాది?"

మాట బాగానే ఉంది. కానీ చూడండి, ఆయన ఎంత ఇరుకున పడ్డాడో. ఊరుకుంటే గౌరవం నిలుస్తుంది, అయితే ఆ గౌరవం కార్డుది. నిజం చెబితే ఆ దిగడం తనదవుతుంది, అయితే మూడు నెలలు మూతలు తీయకుండా మహిమలు చెప్పిన మొనగాడని జిల్లా అంతా నవ్వుతుంది. మూడో భయం ఇంకా పెద్దది. ఆ రోజు అది గాలివాటంగా జరిగిపోయిందేమో. తనకు నిజంగా చేతకాదేమో.

భానుశ్రీ మూతలు తీయబోతే వద్దన్నాడు. "ఆదివారం దాకా ఉండనీ. అప్పటిదాకా నేను కెప్టెన్ని అవునో కాదో నాకే తెలీదు."

ఆదివారం అందరూ హెడ్‌ఫోన్లలోకి వచ్చాక నూకరాజు లేచి నిలబడ్డాడు. నిలబడితే ఎవరికీ కనబడదు, అయినా నిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, కుంకుమతో సహా. "అంచేత పట్టీ వెనక్కి తీసుకోండి రాజుగారూ" అన్నాడు.

తొమ్మిది ఇళ్లలో తొమ్మిది నవ్వులు ఒక్కసారి పగిలాయి. గణేషుకు పొలమారింది. "మూతల కెప్టెనూ! బావా, మీ ఇంట్లో విమానానిక్కూడా ప్లాస్టిక్ కవరేత్తారేంటి?"

రాజుగారు నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా ఊరుకుని అడిగారు.

"ఇప్పుడూ మూతలు ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"తీగ?"

"పాత కన్నంలోనే ఉందండి."

"అయితే దింపు. ఇప్పుడే, అలాగే. వాన పెట్టుకో."

నూకరాజు పిడి పట్టుకున్నాడు. ఇంతకాలం బొమ్మ ఆగితే పక్కన నేనున్నానన్న ధైర్యం. ఇప్పుడు నేను ఉత్త దీపాల బొమ్మనని ఆయనకు తెలుసు. వీరవేణి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. భానుశ్రీ నాన్న వెనకే నిలుచుంది.

విమానం గోదావరి దాటింది. వెయ్యి అడుగులు. ఐదువందలు. వంద. యాభై. బొమ్మ బిగుసుకుంది.

ఆయన భుజం వెనక్కి కదలబోయింది. పాత అలవాటు. గోదావరి, జీడితోట గుర్తొచ్చి ఉంటాయి. అప్పుడు ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చింది. రోజూ ట్యాంకు మీద తనలో తాను అనుకునే మాట అయ్యుంటుంది: "నిదానం. పైపు పగులుద్ది." చెయ్యి ఆగిపోయింది. వాల్వు మీద ఆగినట్టే.

అర సెకను. నా జీవితంలో అంత పొడుగు అర సెకను లేదు. బొమ్మ కదిలింది. చక్రాలు తడి నేలను తాకాయి. నూట తొంభై. కిందటిసారి కంటే కాస్త గట్టిగానే తగిలింది, కానీ గీత లోపలే.

రాజుగారి గొంతు వినిపించింది.

"ఇప్పుడు చెప్పు. విమానం దింపింది ఎవరు?"

నూకరాజు నా దీపాల వైపు చూశాడు. తెర వైపు చూశాడు. తన కుడిచేతిని, అదేదో కొత్తగా ఇంటికి వచ్చిన వస్తువైనట్టు, ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"నేనేనండి."

"మరి పట్టీ నాకెందుకయ్యా?"

గణేషు మెల్లగా, "బావా, ఆ బొమ్మ ఆగినప్పుడు నువ్వేం చేత్తన్నావో కాస్త చెబుదూ" అన్నాడు. కొత్త కార్డుతో, జారే వాన చుక్కలతో, ఆ వారమే వాడు జీడితోటలో దిగాడు. ఇప్పుడు మానిటరు మార్చాలనుకుంటున్నాడట.

ఆ మధ్యాహ్నం భానుశ్రీ నా మూతలు నాలుగూ తీసింది. భాష నేర్పింది. తీగ గుచ్చింది. పుట్టాక నేను చేసిన మొదటి పని, నూకరాజు కిటికీ అద్దం మీద ఒక వాన చుక్కను జార్చడం. నాకు చేతనైనంత శ్రద్ధగా జార్చాను. తర్వాత కోనసీమ కొబ్బరితోటలు, కాలువల మీద మబ్బుల నీడలు, ఒడ్డున మా ఇసుక. ఆయన నోరు తెరిచి చూస్తూ రాజమండ్రి దాటి, సముద్రం దాకా వెళ్లిపోయాడు. దిగడం మర్చిపోయాడు. ఇంధనం అయిపోయింది. కెప్టెన్ మట్టపర్తి నూకరాజు మళ్లీ నీళ్లలోనే దిగాడు, పగలబడి నవ్వుతూ. ఆ నేరం మాత్రం నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు వారంలో ఆరు రోజులు నేను భానుశ్రీ దగ్గర పనిచేస్తున్నాను. పిల్ల చదువు కోసం అన్న అబద్ధం అలా నిజమై కూర్చుంది. ఆమె ఇళ్లు గీస్తుంది. గోడ గోడకూ ఇసుక రంగు నేనే వేస్తాను. మావాళ్లు గోడల్లోకి వెళ్లేవారు. నేను గోడల్ని గీస్తున్నాను. వీరవేణి వారానికోసారి నా మీద దుమ్ము దులుపుతూ, మూతలుంటే ఈ బాధ ఉండేది కాదని గొణుగుతుంది.

మూతలు పోలేదు. ఆమె షోకేసులో మంచి కప్పుల పక్కన దాచబోతే నూకరాజు అడిగి తీసుకున్నాడు. ఆదివారాలు ఆయన ఇప్పుడు భుజాన టేపు ముక్కలు అతికించుకోడు. మానిటరు నెత్తిన, నేరుగా ఎదురుగా కనబడేలా, నాలుగు నల్ల రబ్బరు మూతలు వరసగా అతికించి ఉన్నాయి. బొమ్మ ఇప్పుడు ఆగదు. అయినా యాభై అడుగుల దగ్గర ఆయన ఒక్కసారి తలెత్తి వాటిని చూస్తాడు. తర్వాతే దిగుతాడు.